ఎవర్నడగాలి?

మా ఆడబిడ్డ కూతురికి పెళ్ళి కుదిరింది. పిల్ల హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. ఒకరోజు పొద్దున్నే ఫోను చేసి, "అత్తా, నాకు అందరిలెక్క పట్టుచీరలే వద్దు. ఒక్క గొల్లభామ చీరన్నా కావాలె. అచ్చు వేసింది కాదు, మగ్గం మీద నేసింది. నువ్వు సిద్దిపేటలనే ఉన్నవ్ గద, నీకు ఎరుకుంటది" అంది.

ఉన్నాను కదా మరి! పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఈ ఊళ్ళోనే ఉన్నాను. మెదక్ జిల్లాలో ఒక పెద్ద ఊరుగా ఉన్నప్పుడూ ఉన్నాను, 2016 దసరానాడు జిల్లా కేంద్రమైనప్పుడూ ఉన్నాను. అయినా ఆ పిల్ల ఫోను పెట్టేయగానే నేను చేసిన మొదటి పనేమిటో చెబితే నవ్విపోతారు. చేతిలో ఉన్న ఫోన్నే అడిగాను, "సిద్దిపేట గొల్లభామ చీర ఎక్కడ దొరుకును?" అని. కోమటిచెరువుకు కూతవేటు దూరంలో కూచుని, నాలుగు వాడల అవతల నేసే చీర జాడ చెప్పమని సముద్రాల అవతలి యంత్రాన్ని అడిగానన్న మాట.

అది కాదనకుండా చెప్పింది. వద్దన్నా చెప్పింది. ముందు నాలుగు ప్రకటనలు వచ్చాయి. వాటి తర్వాత ఎక్కడెక్కడి ఊళ్ళ దుకాణాలో వచ్చాయి. బొమ్మలు చూస్తే నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామే, అంచు వెంట బారులు తీరి నిలబడింది. కానీ పరీక్షగా చూస్తే అది నేత కాదు, అచ్చు. మగ్గం మీద ఆ బొమ్మ రావాలంటే పేకలో అదనపు దారాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి వేయాలి. అచ్చుదైతే మిషను మీద గజాలకు గజాలు దిగుతుంది. యంత్రానికి రెండూ గొల్లభామలే.

చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అత్తమ్మ అరగంట సేపు నా అవస్థ చూసి, "ఆ డబ్బను ఏమడుగుతవే? గాజులామెను అడుగరాదు!" అంది.

గాజులామెకు చీరలతో ఏం పని అనుకుంటూనే వెళ్ళాను. ఆమెకు నిజంగానే తెలియదు. "నాకైతే ఎరుక లేదమ్మా. గని ఆ సందుల జాకెట్లు కుట్టే అక్క ఉన్నది సూడు, చీరలకు ఫాలు కుట్టనీకి ఆమె తానికే ఇస్తరు. ఆమెకు ఎరుకుంటది" అంది. కుట్టే ఆవిడ దగ్గరికి వెళితే, చీర ఎక్కడ నేస్తారో ఆవిడకూ తెలియదు. కానీ వాళ్ళ పాపతో చదువుకున్న ఒక పిల్ల తాతగారింట్లో మగ్గం ఉందని తెలుసు. మూడో గడప ఎక్కేసరికి మగ్గం చప్పుడు వినిపించింది.

గంటన్నర పట్టింది. రెండు చాయలు తాగాను. పెళ్ళికొడుకు ఏం చదివాడు, కట్నమెంత, వంటవాళ్ళు ఎవరు అన్న ప్రశ్నలకు మూడు చోట్ల మూడుసార్లు జవాబులు చెప్పుకున్నాను. సాయంత్రానికి మా వాడంతా ఆ సమాచారం పాకిపోయింది. అయితేనేం, చీర దొరికింది.

ఇక్కడితో ఆపితే "చూశారా, పాతకాలమే నయం" అని చెప్పి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఆ రాత్రి పడుకున్నాక నాకొక సందేహం పట్టుకుంది. ఒకళ్ళనే అన్నీ అడగడం మంచిదా? తలా కొంచెం తెలిసిన పదిమందిని అడగడం మంచిదా? మనకు తెలియనిది తెలుసుకునే దారి ఎవరి చేతిలో ఉండాలి? కంప్యూటరు చదువులవాళ్ళు దీనికి కేంద్రీకృతం, వికేంద్రీకృతం అని నోరు తిరగని పేర్లు పెట్టారు. పేర్ల సంగతి ఎలా ఉన్నా, తగువు మాత్రం మనింటిదే.

ముందు ఆ వెతికే యంత్రం ఏం చేస్తుందో నాకు తెలిసినంతలో చెబుతాను. మనం ప్రశ్న అడిగిన క్షణాన అది లోకమంతా తిరిగి రాదు. ముందే తిరిగి వచ్చి, ఏ మాట ఏ పేజీలో ఉందో పట్టిక రాసి దాచుకుంటుంది. పెద్ద పుస్తకాల చివర పదసూచిక ఉంటుంది చూడండి, సరిగ్గా అలాంటిదే. 1990లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అలన్ ఎంటేజ్ అనే విద్యార్థి 'ఆర్చీ' అని ఒకటి తయారుచేశాడు. అప్పటికి వెబ్బు ఇంకా జనంలోకి రాలేదు. ఏ కంప్యూటరులో ఏ ఫైళ్ళు ఉన్నాయో ఆ పేర్ల జాబితా, అంతే. 1994లో స్టాన్‌ఫర్డ్‌లో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫిలో అనే ఇద్దరు కుర్రవాళ్ళు తమకు నచ్చిన పేజీలన్నింటినీ చేత్తో వర్గాలుగా విడదీసి పెట్టుకున్నారు. మనం పోపులపెట్టె సర్దుకోమూ, అలాగ. అదే యాహూ అయింది.

1998లో గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ చేసిన పని వేరు. వాళ్ళు ఏ పేజీ మంచిదో తాము తేల్చలేదు. ఎవరు ఎవరికి దారి చూపిస్తున్నారో లెక్కపెట్టారు. ఒక పేజీ రాసిన మనిషి ఇంకొక పేజీకి లంకె వేస్తే, "అక్కడికెళ్ళు, వాళ్ళకు తెలుసు" అని వేలు చూపించినట్టే కదా! ఎక్కువమంది వేలు చూపించిన ఇల్లు మంచి ఇల్లు. వేలు చూపించిన మనిషికే ఊళ్ళో పరపతి ఉంటే ఆ వేలికి ఇంకా విలువ. దానికి పేజ్ ర్యాంక్ అని పేరు పెట్టారు.

ఇది తెలిసినప్పుడు నేను కాస్త తెల్లబోయాను. మా గాజులామె చేసిందీ ఇదే పని కదండీ! ఎక్కడెక్కడి వాళ్ళో తలా ఒక చోటికి వేలు చూపించారు. ఆ వేళ్ళన్నీ ఒకచోట పోగుపోసి పట్టిక కట్టారు. అంటే ఆ కేంద్రం తెలివి కేంద్రంలో పుట్టినది కాదు, వాడల్లో పుట్టింది. పాలు పిండేది వంద ఇళ్ళు, డెయిరీ ఒకటి. డెయిరీవాళ్ళైనా వెన్నశాతం చూసి పైసలిస్తారు. ఇక్కడ వేలు చూపించిన వాళ్ళకు ముట్టిందల్లా దారి తప్పకుండా వచ్చే చుట్టాలు. 2024 నుంచి చూస్తే, చాలా ప్రశ్నలకు యంత్రమే నలుగురు రాసినవీ కలిపి జవాబు అల్లి పైన పెట్టేస్తోంది. వాకిట్లోనే జవాబు దొరికాక లోపలికి వెళ్ళి ఆ రాసినవాళ్ళ మొహం చూసేదెవరు?

అందరూ ఒకే గడప తొక్కడం మొదలుపెడితే ఆ గడప యజమానికి బలం వస్తుంది. అమెరికాలో 2024 ఆగస్టులో అమిత్ మెహతా అనే న్యాయమూర్తి, వెతుకులాటలో గూగుల్ తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలుపుకుంటోందని తీర్పు ఇచ్చారు. ఆ విచారణలో బయటపడిన లెక్క ఒకటి నన్ను నిద్రపోనివ్వలేదు. ఫోన్లలో, బ్రౌజర్లలో తెరవగానే తన పెట్టే ఎదురుగా ఉండేలా చూసుకోవడానికి ఆ కంపెనీ 2021 ఒక్క ఏడాదిలోనే 2,630 కోట్ల డాలర్లు చెల్లించింది. బస్టాండు దిగగానే ఎదురుగా కనిపించే మొదటి మడిగెకు ఎంత అద్దె అయినా ఇస్తారు చూడండి, అదీ సంగతి. 2025 సెప్టెంబరులో అదే న్యాయమూర్తి కంపెనీని ముక్కలు చేయమనలేదు గానీ, తన వెతుకుడు సమాచారంలో కొంత పోటీదారులతో పంచుకోమన్నారు. మన దేశంలోనూ 2018లో కాంపిటీషన్ కమిషన్, వెతికినప్పుడు తన సొంత సేవలను ముందుకు తోస్తోందని గూగుల్‌కు 135.86 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కోర్టుల సంగతి కోర్టులు చూసుకుంటాయి, పోనిద్దురూ.

మరి రెండో దారి లేదా? ఉంది. 2003లో జర్మనీలో మైకేల్ క్రిస్టెన్ అనే ఆయన 'యాసీ' అని ఒకటి మొదలుపెట్టాడు. దానికి పెద్ద ఆఫీసు లేదు, కేంద్రం లేదు. ఎవరింటి కంప్యూటరులో వాళ్ళు తలా కాస్త పట్టిక రాసి పెట్టుకుంటారు. ఒకళ్ళు ప్రశ్న వేస్తే ఆ కంప్యూటర్లు ఒకదాన్నొకటి అడిగి జవాబు తెచ్చిపెడతాయి. ఏది ముందుండాలో చెప్పడానికి పైన కూచున్న దొర ఎవడూ లేడు. వింటుంటే మా వాడే గుర్తొచ్చింది.

ఇంత మంచి ఏర్పాటు మరి ఇంటింటా ఎందుకు లేదు? ఈ మాట మా వారిని అడిగితే పేపరులోంచి తల ఎత్తకుండానే, "రాత్రంతా కంప్యూటరు ఎవరు ఆన్ చేసిపెడతరు? కరెంటు బిల్లు ఎవరు కడతరు?" అన్నారు. ఎప్పుడోగానీ ఆయన మాటలో పస ఉండదు, ఆ రోజు ఉంది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మనవాళ్ళు ఊరికే అనలేదు. తలా ఒక చెయ్యి వేస్తేనే నడిచే పనిలో చెయ్యి వేయని వాళ్ళే ఎక్కువ. పైగా పది ఇళ్ళు తిరిగి రావాలి కాబట్టి ఆలస్యం. ఆ పదింట్లో ఒకడు అబద్ధాలకోరైతే వాణ్ణి వెళ్ళగొట్టే పెద్దమనిషి ఉండడు.

దారి అడుగుతూ పోతే ఎప్పటికైనా చేరతామన్న నమ్మకం కూడా అంత గట్టిదేం కాదు. 1960లలో అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక తమాషా పరీక్ష పెట్టాడు. బోస్టన్ దగ్గరుండే ఒక షేర్ల వ్యాపారికి ఉత్తరం చేరాలి. కానీ నేరుగా పంపకూడదు, మీకు పరిచయం ఉన్నవాళ్ళలో ఆయనకు దగ్గరగా ఉండేవారెవరో చూసి వాళ్ళ చేతికివ్వాలి. వాళ్ళు మళ్ళీ అలాగే. ఒకసారి 296 మందితో మొదలుపెడితే, చేరిన ఉత్తరాలు 64. చేరినవి సగటున ఐదుగురి చేతులు మారి చేరాయి. లోకం ఎంత చిన్నదో అని అందరూ ఆ ఐదు చేతుల గురించే మురిసిపోయారు. నాకు మాత్రం దారిలో ఆగిపోయిన ఉత్తరాల మీదికే మనసు పోయింది. ఎవరి చేతిలో ఆగిపోయాయో! ఎవరు పట్టించుకోలేదో! నాకు మూడో గడపలో చీర దొరికిందంటే అది నా అదృష్టం. దొరక్క తిరిగొచ్చిన కథలు ఎవరూ పత్రికలకు రాయరు.

అదృష్టం అన్నానా? అది కూడా పూర్తి నిజం కాదు. నేను ఫలానా ఇంటి కోడల్ని కాబట్టి మూడు గడపల్లోనూ పీట వేశారు. ఊరి చివరి నుంచి వచ్చిన మనిషైతే, కులం వేరైతే, కట్టుకున్న చీర మాసినదైతే, ఆమెను మొదటి గడపలో కూచోబెట్టేవాళ్ళా? మా అత్తమ్మ కాలంలో కొందరు వాకిట్లో నిలబడి అడిగితే జవాబు గోడ అవతలి నుంచే వచ్చేదట. మనం మనసారా మెచ్చుకునే ఈ వాడ తెలివి అందరికీ ఒక్కలాగే అందింది లేదు. ఆ యంత్రం మాత్రం, ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఎవరింటి పిల్లవని అడగదు.

ఇంకొక మాట ఉంది. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

నాకు పెళ్ళయి మూడేళ్ళయినా కడుపు పండలేదు. ఒకసారి నిలిచి పోయింది కూడా. మంచి డాక్టరమ్మ ఎవరో తెలుసుకోవాలి. ఎవర్ని అడగాలి? ఫోన్లు లేని రోజులు. ధైర్యం చేసి, నోరు మంచిదనుకున్న ఒక పెద్దమ్మను అడిగాను. ఆవిడ నిజంగా మంచిదే. మంచి డాక్టరు పేరే చెప్పింది. కానీ ఆ పేరు తెలుసుకోవడానికి ఆవిడ ఇంకొకళ్ళను అడగాల్సి వచ్చింది, ఆ ఇంకొకళ్ళు మరొకళ్ళను. మూడో రోజు సాయంత్రం బావి దగ్గర మా దూరపు చుట్టం ఒకావిడ, "ఏందమ్మా, దవాఖానకు తిరుగుతున్నవట" అని మా అత్తమ్మ ముందే అడిగింది. వాడలో అడగడమంటే చెప్పడమే. ప్రశ్న ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారినకొద్దీ మన గుట్టు కూడా చేతులు మారుతుంది. ఆ రోజు నా చేతిలో ఇప్పటి ఫోను ఉంటే దుప్పటి ముసుగులోనే అడిగి ఉండేదాన్ని. ఆ యంత్రానికి దండం పెట్టి ఉండేదాన్ని కూడా.

అందుకే ఇప్పటి ఆడపిల్లలు రాత్రి పదకొండింటికి లైటు తీసేసి ఫోన్ను అడుగుతుంటే నేను వెక్కిరించలేను. అత్తను అడగలేనివి, అమ్మకు చెప్పలేనివి, డాక్టరు ముందు నోరు పెగలనివి ఎన్ని ఉంటాయో మనకు తెలియదూ?

అయితే ఆ దుప్పటి కూడా చిల్లుల దుప్పటే. మాకు బాగా తెలిసిన ఇంట్లో కొత్త కోడలు ఇలాగే ఏదో అడిగింది. వారం తిరక్కుండా ఆ ఫోన్లో ఏది తెరిచినా ఉయ్యాలలూ, పసిపిల్లల చొక్కాలూ ప్రకటనలుగా రావడం మొదలైంది. ఒకనాడు పంచాంగం చూద్దామని ఫోను అందుకున్న అత్తగారి కళ్ళబడ్డాయి. పిల్ల ఇంకా మొగుడికే చెప్పలేదు! యంత్రం నోరు విప్పి ఎవరికీ ఏమీ చెప్పలేదు. వీధిలో దండోరా మాత్రం వేసింది.

ఇంతకంటే పెద్ద సంగతి 2006లో జరిగింది. అమెరికాలో ఏఓఎల్ అనే కంపెనీ, పరిశోధకులకు పనికొస్తాయని తన వాడుకదారులు వెతికిన సుమారు 2 కోట్ల ప్రశ్నలను బయట పెట్టింది. ఆరున్నర లక్షల మందివి. పేర్లు తీసేసి అంకెలు పెట్టామన్నారు, భయం లేదన్నారు. కొద్ది రోజుల్లోనే ఒక పత్రికవాళ్ళు ఒక అంకె వెనకాలి ప్రశ్నలన్నీ వరుసగా చదివి, ఆ అంకె ఎవరో పట్టుకుని, ఆమె ఇంటికి వెళ్ళి తలుపు తట్టారు. పెద్దావిడ. ఆవిడ అడిగిన ప్రశ్నలే ఆవిడ చిరునామా అయ్యాయి. నిజమే మరి. మనం ఇచ్చే జవాబుల్లో చాలా భాగం నటన. అడిగే ప్రశ్నల్లో మాత్రం మనమే ఉంటాం.

యాసీలాంటి దానిలో ఈ బాధ పూర్తిగా తప్పుతుందా అంటే అదీ చెప్పలేను. ప్రశ్నలన్నీ ఒకే ఖాతా పుస్తకంలోకి ఎక్కవు, అది పెద్ద మేలే. కానీ నా ప్రశ్న ఇంకొకరి ఇంటి యంత్రం గడప తొక్కక తప్పదు. మాటకు ముసుగు వేసి పంపే ఉపాయాలున్నా, బావి దగ్గర ఆ సాయంత్రం గుర్తున్న మనిషికి గుండె కాస్త జంకుతుంది.

ఈ ఆలోచన ఇలా ఎటూ తేలకుండా ఉండగా ఒకరోజు కూరగాయల మార్కెట్లో ఒకామె కలిసింది. మల్లన్నసాగర్ కింద ఊరు పోయినామె. మా జిల్లా ఆడవాళ్ళకు ఒకచోట నిలవేయడమంటే ఏమిటో, పలుచోట్ల నిలవేయడమంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. కాకతీయుల కాలం నుంచి ఇక్కడ గొలుసుకట్టు చెరువులుండేవి. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్ళు కింది చెరువులోకి పోతాయి, అది నిండితే దాని కిందికి. ఏ చెరువుకు ఆ చెరువే, కానీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఒక కట్ట తెగితే నష్టమే గానీ, దేశమంతా ఎండదు. అలాగని అవే చాలాయి అని కూడా అనను. పట్టించుకునే నాథుడు లేక పూడిక నిండి, వేసవిలో బిందెడు నీళ్ళకు మైళ్ళు నడిచిన ఏళ్ళు ఈ ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీశారు. 2022 ఫిబ్రవరిలో 50 టీఎంసీల మల్లన్నసాగర్‌ను ప్రారంభించారు. ఒక్కచోట అన్ని నీళ్ళు! నల్లా తిప్పితే వచ్చే నీళ్ళను తిట్టే మొహం నాకు లేదు. కానీ అన్ని నీళ్ళు ఒకచోట నిలవాలంటే ఊళ్ళు లేవాలి. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డకిష్టాపూర్ అలా లేచిపోయిన ఊళ్ళే. చాలామందిని గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లి దగ్గర కాలనీ కట్టి అక్కడికి పంపారు.

ఆమె ఆకుకూర కట్టలు ఏరుకుంటూ అన్న మాట ఇది: "ఇండ్లు మంచిగనే ఉన్నయమ్మా. సీసీ రోడ్లున్నయి. గని ఏదన్నా కావాలంటే ఎవరినడగాల్నో ఎరుక లేదు. మా ఊర్లనైతే తేలు కుట్టిందంటే ఎవరింటికి ఉరకాల్నో, పొరకలు ఎవరు కడతరో, పెండ్లికి గంజులు ఎవరింట్ల ఉంటయో, అన్నీ కండ్ల ముందటుండె. ఇప్పుడు పక్కింటామె వేరే ఊరామె. ఆమెకు నేనెరుక లేదు, నాకు ఆమె ఎరుక లేదు. మా పోరగాడు ఫోన్ల సూడు అంటడు. ఫోన్ల మా ఊరే లేకపాయె."

నేను ఏమీ అనలేకపోయాను. ఒక ఊళ్ళో ఆడవాళ్ళందరి బుర్రల్లోనూ తలా కొంచెంగా ఉన్న పట్టిక అది. ఎవరికి ఏం తెలుసో తెలిసిన తెలివి. ఎక్కడా రాసి లేదు. మనుషులు చెదిరిపోగానే అదీ చెదిరిపోయింది. నష్టపరిహారం లెక్కల్లో దానికి గడి ఎక్కడుంటుంది?

యంత్రాన్ని అని లాభం లేదు, ఎవరో ఒకరు రాసి పెడితేనే అది చూపిస్తుంది. మన భాషలో అలా రాసేవాళ్ళు తక్కువ. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అప్పటి నుంచి జీతం భత్యం లేకుండా కొందరు కూచుని ఊళ్ళ పేజీలు కూడా రాస్తున్నారు. వాళ్ళ చేతులకు దండం పెట్టాలి. అయినా పెళ్ళికి గంజులు ఎవరింట్లో ఉంటాయో అందులో రాయరు, రాయకూడదు కూడా.

ఈ సంగతులన్నీ మనసులో పెట్టుకునే, చీర తెచ్చుకోవడానికి మూడు వారాల తర్వాత ఆ నేత ఇంటికి మళ్ళీ వెళ్ళాను. పెద్దాయన మగ్గం గుంటలో ఉన్నాడు. ఆయన భార్య రాట్నం ముందు కూచుని కండెలు చుడుతోంది. చీర విప్పి చూపించింది. గొల్లభామల వరుస చూస్తే కడుపు నిండిపోయింది. డబ్బులిచ్చి లేస్తూ ఉండబట్టలేక, "వాడలో పదిమందికి చెబుతానమ్మా, మీ పేరు" అన్నాను, ఏదో పెద్ద ఉపకారం చేస్తున్నట్టు.

ఆమె కండె ఆపకుండానే, "వాడోల్లు ఏడాదికొకటి కొంటరు, గది గూడ బేరం చేసి. వాడోల్లను నమ్ముకుంటే మా బతుకు గింతనే. మీ పిలగానికి ఫోన్లు ఎరుకంటిరి గద, గండ్ల మా పేరు పెట్టమనుండ్రి. బొంబాయోల్లు అడిగినా మా ఇల్లే రావాలె" అంది.

మా అబ్బాయి ఆ సాయంత్రమే వెళ్ళి, వాళ్ళను అడిగి, ఫోటోలు తీసి, పటంలో వాళ్ళ ఇల్లు గుర్తు పెట్టి, ఫోను నంబరు చేర్చి వచ్చాడు. పది రోజులాగి, జాకెట్టు ముక్క తెచ్చుకునే వంకతో నేనే వెళ్ళి ఆమె ముందు ఫోను తీశాను. "సిద్దిపేట గొల్లభామ చీర" అని అడిగాను. ముందు అవే నాలుగు ప్రకటనలు వచ్చాయి. తర్వాత అచ్చు చీరల దుకాణాలు వచ్చాయి. వేలితో జరుపుతూ జరుపుతూ పోతే, చాలా కిందికి వెళ్ళాక, వాళ్ళ ఇల్లు కనిపించింది. ఫోటోలో మగ్గం, మగ్గం వెనక ఆయన.

ఆమె ఫోను చేతిలోకి తీసుకుని వెనక్కి జరుపుకుంటూ పైదాకా వెళ్ళింది.

"వీళ్ళెవరు ముందటున్నోళ్ళు?"

"పైసలిచ్చి పెట్టుకున్నవాళ్ళు."

"నేసేటోళ్ళా?"

"కాదు."

"మరి నేసెటోళ్ళు కిందికెందుకున్నరు? గిట్ల పెట్టుడు తప్పని చెప్పాలంటే ఎవర్ని అడగాలె?"

నేను ఫోను వంక చూశాను. ఆమె నా మొహం చూసి ఫక్కున నవ్వి, "మీ గాజులామెను అడుగుండ్రి, ఆమెకు ఎరుకుంటదేమో" అని మళ్ళీ రాట్నం మీద చెయ్యి వేసింది.